పండగకు ముందు నాలుగు ఆదివారాలు

(మన సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, కొండ దిగి నడిచొచ్చిన తల్లులకు, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లకు వందనాలు. మన కొండల్లో ఈ రెండు మాటలూ ఒకే గుమ్మంలో వినిపిస్తాయి కాబట్టి నేను రెండూ చెప్తున్నాను.

క్రిస్మస్‌కు ముందు రోజుల్లో ఆరాధన, ప్రార్థన గురించి మాట్లాడమన్నారు. నేను పాస్టరమ్మను కాదు. టీటీసీ చదివాను, కొన్నాళ్లు టీచరుగా చేశాను, ఇప్పుడు గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌ని. నాకు తెలిసింది పిల్లలు, బియ్యం స్టాకు, దుప్పట్ల లెక్క, స్టడీ అవర్. ఆ లెక్కల్లోంచే నాలుగు మాటలు చెప్తాను. తప్పుంటే పెద్దలు సరిదిద్దండి.

ముందు మా ఇంటి సంగతి. మాది సవర ఇల్లు, సీతంపేట కొండల్లో. మా నాయన బాప్తిస్మం తీసుకున్నాడు. మా నాయనమ్మ తీసుకోలేదు. పొయ్యి మాత్రం ఒకటే. నాకు ఎనిమిదేళ్లప్పుడు చేలోంచి పచ్చి కందికాయలు ఒడినిండా కోసుకొచ్చాను, ఉడకేసుకు తిందామని. నాయనమ్మ తిట్టలేదు, కొట్టలేదు. నా ఒడి విప్పించి కాయలన్నీ చేటలో పోయించి, "ఇంకా కొత్త చెయ్యలేదు కదే" అంది. అంతే. కంది కొత్త చేసే దాకా ఆ చేట అటక మీదే ఉంది. మా నాయన చర్చి మనిషే అయినా, తల్లి మాట మీద ఆయనా ఆ కాయ ముట్టలేదు.

మీలో చాలామందికి ఇది తెలుసు. కొత్త పంట ఏదైనా పెద్దలకు, దేవతకు పెట్టనిదే మన పూర్వులు నోట పెట్టేవారు కాదు. మామిడికి ఒక కొత్త, కొర్రకు ఒక కొత్త, కందికి ఒక కొత్త. ఆకలి లేక ఆగలేదు వాళ్లు. ఆకలి ఉండే ఆగారు. చేతికొచ్చింది కదా అని తినెయ్యకుండా, అందరికీ అందే రోజు వరకు ఆగడం మన జాతికి పుట్టుకతో వచ్చిన చదువు. నేను ఇవాళ చెప్పబోయే ఆగమన కాలానికి మూలం కూడా ఇలాంటి ఆగడమే.

ఆగమన కాలం అనే పేరు కథోలిక, లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో బాగా వినిపిస్తుంది. అడ్వెంట్ అని కూడా అంటారు. అడ్వెంటుస్ అంటే లాటిన్ భాషలో రాక. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన కాలం ఇది. మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఏదో ఒక తేదీన పడుతుంది. అందుకని ఒక ఏడాది 22 రోజులే ఉంటుంది, ఇంకో ఏడాది 28 రోజులు ఉంటుంది. ఆ సంఘాల లెక్కలో కొత్త సంవత్సరం జనవరి ఒకటిన మొదలుకాదు, ఈ మొదటి ఆదివారంతోనే మొదలవుతుంది. అంటే వాళ్ల ఏడాది పండగతో మొదలవదు, పండగ కోసం ఎదురుచూడటంతో మొదలవుతుంది. మన కొండల్లో ఎక్కువగా ఉన్న బాప్టిస్టు సంఘాల్లో ఈ పేరు అంతగా వాడరు. మనకు డిసెంబరు వచ్చిందంటే నెలంతా క్రిస్మసే.

పాత రోజుల్లో ఈ కాలం ఉపవాస కాలం. అయిదో శతాబ్దంలో ఇప్పటి ఫ్రాన్స్ దేశంలోని టూర్ అనే ఊరి బిషప్పు పెర్పెటువస్, నవంబరు 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని నియమం పెట్టాడు. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాల్లో ఇది నలభై రోజుల ఉపవాసం. అంత దూరం ఎందుకు, కేరళలో సిరియన్ క్రైస్తవులు ఇప్పటికీ డిసెంబరు ఒకటి నుంచి 25 రోజుల నోము పాటిస్తారు. మాంసం ముట్టరు. ఫిలిప్పీన్స్ దేశంలో డిసెంబరు 16 నుంచి తొమ్మిది రోజులు తెల్లారకముందే పూజకు వెళ్తారు. పొలం పనికి పోయే రైతులు ప్రార్థన చేసుకుని పనిలోకి దిగడానికి వీలుగా వచ్చిన అలవాటది. ఎక్కడ చూసినా వరస ఒకటే: ముందు నోరు కట్టుకోవడం, తర్వాత పండగ.

మరి మనం ఏం చేస్తున్నాం? ముందే పండగ, తర్వాత నోరు కట్టుకోవడం. ఈ మాట ఊరికే అనడం లేదు. నా వల్ల జరిగిన తప్పు ఒకటి ఇందులో ఉంది. అది చెప్పకుండా మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఊరి యువకులు సెమీ క్రిస్మస్‌కి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. డిసెంబరు మొదటి వారమే. స్టేజీ, రంగు లైట్లు, మనిషెత్తు సౌండ్ బాక్సులు, పట్నం నుంచి తెచ్చిన అయిదు కేజీల కేకు. పాటలు పాడే ఆడపిల్లలందరికీ ఒకే రంగు బట్టలు. నేను కేకు కోశాను. శాలువా కప్పించుకున్నాను. ఇంత బాగా చేసిన యువతకు అభినందనలు అని మైకులో చెప్పాను. వాళ్లు కట్టించిన బిర్యానీ క్యారేజీ పట్టుకుని హాస్టల్‌కి వచ్చేశాను.

ఆ పాడిన పిల్లల్లో ఒకర్తి మా హాస్టల్లో తొమ్మిదో తరగతి. చక్కటి గొంతు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లింది, తిరిగి రాలేదు. వారం చూశాను. ఫోను కలవలేదు. నేనే వెళ్లాను. ఇంటికి తాళం కూడా లేదు, తలుపుకి తాడు కట్టి ఉంది. పక్కింటి ముసలమ్మ చెప్పింది. కమిటీ గడపకు వెయ్యి రూపాయలు చందా వేసింది. పిల్లకు ఆ ఒకే రంగు బట్టలు కుట్టించాలి. పండక్కి చుట్టాలొస్తే కోడి కొయ్యాలి. అన్నిటికీ కలిపి తండ్రి షావుకారు దగ్గర అయిదు వేలు తెచ్చాడు, చేలో ఉన్న కంది చూపించి. పంట చేతికి రాగానే షావుకారు కట్టిన ధరకే ఇచ్చేశాడు. అయినా బాకీ మిగిలింది. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తానంటే తల్లి, తండ్రి, పిల్ల ముగ్గురూ ఇటుక బట్టీకి వెళ్లిపోయారు. కొత్త కూడా చెయ్యకుండానే ఆ ఇంటి కంది అప్పు కిందికి పోయింది.

ఆ కుర్రాళ్లు చెడ్డవాళ్లు కాదు. పక్క ఊరి స్టేజీ కన్నా మన స్టేజీ ఒక అడుగు ఎత్తుండాలి అనుకున్నారు, అంతే. ఎవరూ ఎవరినీ బలవంతం చెయ్యలేదు. కాకపోతే, "మా వల్ల కాదు" అని చెప్పే వీలు ఆ తండ్రికి ఎవరూ ఇవ్వలేదు. కేకు కోసినదాన్ని నేను. ఈ డబ్బు ఎక్కడిదర్రా అని ఒక్క మాట అడగలేదు.

ఆ పిల్ల రేకు పెట్టె హాస్టల్లోనే ఉండిపోయింది. తాళం వేసుంది. స్టోర్ రూములో బియ్యం బస్తాల పక్కన పెట్టించాను. స్టాకు చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ అది కనబడేది.

అప్పటి నుంచి ఒక మాట గురించి ఆలోచిస్తూ వచ్చాను. తెలుగు బైబిలు చదివేవాళ్లకు "కనిపెట్టుట" అనే మాట తెలుసు. దేవుని కోసం ఎదురుచూడటం అని అర్థం. కనిపెట్టు ప్రార్థనలని పేరే ఉంది. ఇదే మాటను మనం ఇళ్లల్లో ఇంకోలా వాడతాం. "చంటిదాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండవే" అంటాం. "నేను సంతకెళ్లి వస్తాను, చేను కనిపెట్టుకుని ఉండు" అంటాం. మంచె మీద కూర్చున్న మనిషి పంట కోసం ఎదురుచూస్తున్నాడా, పంటను కాస్తున్నాడా? రెండూ చేస్తున్నాడు. ఎదురుచూస్తూ నిద్రపోతే తెల్లారేసరికి అడవిపందులు చేను దున్నేస్తాయి. ఆగమన కాలమంటే నాకు అర్థమైంది ఇదే. దేవుడు వస్తాడని కనిపెట్టడం, వచ్చేలోపు పక్కవాణ్ణి కనిపెట్టుకుని ఉండటం. మొదటిది చేసి రెండోది మానేస్తే ఆ ప్రార్థన మంచె మీద నిద్రే.

ఇప్పుడు ఒక జర్మనీ కథ చెప్తాను. ఇది నాకెందుకు ఇష్టమో మీకే తెలుస్తుంది. 1833లో హాంబుర్గ్ నగరం దగ్గర యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ అనే పాతికేళ్ల యువకుడు దిక్కులేని, పేద పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచాడు. ఒక రకంగా ఆయనా మాలాంటి వార్డెనే. డిసెంబరు వచ్చిందంటే పిల్లలు రోజూ ప్రాణం తీసేవారట, క్రిస్మస్ ఎప్పుడు, ఇంకా ఎన్ని రోజులు అని. మా పిల్లలు సెలవుల గురించి అడిగినట్టే. 1839లో ఆయన ఒక బండి చక్రం తీసుకుని దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. సాయంత్రం ప్రార్థన వేళ రోజుకొకటి వెలిగించేవారు. పిల్లలు వెలుగును బట్టి రోజులు లెక్కపెట్టుకునేవారు. ఇవాళ పెద్ద పెద్ద చర్చిల్లో పచ్చని ఆకుల చక్రంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి ఆదివారానికొకటి వెలిగిస్తారే, దాని పుట్టుక అక్కడ, ఒక పేద పిల్లల హాస్టల్లో, ఒక బండి చక్రం మీద.

ఆయన మొదటి రోజే అన్నీ వెలిగించెయ్యలేదు. ఒక్కటే వెలిగించాడు. చుట్టూ ఇంకా చీకటే. రేపు ఇంకొకటి. పిల్లలకు ఓపిక నేర్పాలంటే ఉపన్యాసం కన్నా ఇది మంచి పాఠం. నేను బీఈడీ పుస్తకాలు కూడా చదివాను, ఇంత మంచి బోధనోపకరణం ఎక్కడా చూడలేదు.

ఆ నాలుగు దీపాలకు నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ అని పేర్లు చెప్తారు. మొదటి పేరు చూడండి. తెలుగు క్రైస్తవులు ఆశ అనే అర్థంలో వాడే మాట నిరీక్షణ. బయట తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. మన భాషలో ఆశకీ ఎదురుచూపుకీ ఒకటే పేరన్నమాట. ఎదురుచూసే ఓపిక పోయిన చోట ఆశ కూడా పోతుంది.

మా హాస్టల్లో ఈ చక్రం పెడతానా? పెట్టను. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తోంది. నా హాస్టల్లో చర్చికి వెళ్లే పిల్లలున్నారు, వెళ్లని పిల్లలున్నారు. ఒక డిసెంబరులో కొందరు పిల్లలు గుమ్మానికి నక్షత్రం కడతామని వచ్చారు. ఇంకో గుంపు, "అయితే మా గ్రామదేవతకూ మందిరం కట్టండి" అని వచ్చింది. రెండు గుంపులూ రెండు రోజులు పలకరించుకోలేదు. ఒకే కంచం దగ్గర కూర్చున్న పిల్లలు విడివిడిగా కూర్చున్నారు. నేను అందర్నీ పిలిచి, నక్షత్రం మీ చర్చికి కట్టండి, దీపం మీ గుడిలో పెట్టండి, ఈ కప్పు మాత్రం అందరిదీ అన్నాను. ప్రార్థన చేసుకునేవాళ్లు పడుకునే ముందు తమ మంచం మీద కూర్చుని చేసుకుంటారు. పక్క మంచం పిల్ల అప్పుడు గోల చెయ్యదు. అది చాలు. ప్రార్థన పక్కవాళ్లను చిన్నబుచ్చేది కాకూడదు.

ఈ కాలంలో చదివే బైబిలు కథలు మూడు ఉన్నాయి. మూడూ లూకా సువార్త మొదటి అధ్యాయాల్లోవి. మీలో క్రైస్తవులు కానివాళ్లు కూడా వినండి, ఇందులో మన కొండ సంగతే ఉంది.

మొదటిది జెకర్యా కథ. గుడిలో ధూపం వేసే ముసలాయన. ముసలితనంలో నీకు కొడుకు పుడతాడని దేవదూత చెప్తే నమ్మలేదు. నోరు మూగబోయింది. బిడ్డ పుట్టి, పేరు పెట్టే రోజు దాకా మాటలేదు. ఆ రోజు పలక అడిగి, బిడ్డ పేరు యోహాను అని రాసి చూపించాడు. అప్పుడు నోరొచ్చింది. క్రిస్మస్ కథ కేకలతో మొదలవలేదు, ఒక మనిషి మౌనంతో మొదలైంది. మనం మాత్రం సౌండ్ బాక్సుతో మొదలుపెడుతున్నాం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నుంచి శబ్ద కాలుష్య నియమాలున్నాయి. చట్టం సరే, మన ఊళ్లో మార్చిలో పదో తరగతి పరీక్ష రాసే పిల్ల ఉంటుంది. కొత్తగా మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఉంటుంది. మా చిన్నప్పుడు క్యారల్స్ వాళ్లు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, డప్పు కొట్టుకుంటూ వచ్చేవారు. దుఃఖంలో ఉన్న ఇంటి ముందుకు రాగానే డప్పు ఆపేసి, మెల్లగా ఒక పాట పాడి, ఒక ప్రార్థన చేసి వెళ్లేవారు. ఆ ఇల్లు చర్చిదా కాదా అని చూసేవారు కాదు. మా నాయనమ్మ ఆ రాత్రి చిన్న దీపం పట్టుకుని గెడ్డ దగ్గర నిలబడేది. ఆవిడకు ఆ పాటలు అక్కర్లేదు. "రాళ్లు జారుతున్నాయి, గుంటలు పడిపోతారు" అనేది. నాకు తెలిసి ఆ ఊళ్లో ఆ రాత్రి అందరికన్నా బాగా కనిపెట్టుకుని ఉన్నది ఆవిడే.

రెండోది మరియ కథ. తనకు బిడ్డ పుట్టబోతోందని తెలిశాక మరియ ముందు ఎక్కడికి వెళ్లింది? కొండసీమకు. అక్కడ తన బంధువు ఎలీసబెతు, వయసు మళ్లిన మనిషి, ఆరో నెల గర్భిణి. మరియ అక్కడ దాదాపు మూడు నెలలు ఉంది. ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపే దేవుణ్ణి పొగుడుతూ ఆమె పాడింది కూడా ఆ కొండ ఇంట్లోనే. ఆగమన కాలమంతా ఒక కాన్పు కోసం ఎదురుచూపే కదా. కొండ మీద కాన్పు కోసం ఎదురుచూడటమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వానలో, చీకట్లో డోలీ మోసిన భుజాలు ఈ హాల్లోనే ఉన్నాయి. అందుకే మీకు ఒక పని చెప్తున్నాను. డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఆశా కార్యకర్తను అడగండి, మన ఊళ్లో ఈ రెండు నెలల్లో నెలలు నిండేది ఎవరికని. వాళ్లను ముందే ఆస్పత్రి దగ్గరికి చేర్చడానికి ఎవరు తోడు వెళ్తారో, ఎవరి ఆటో వస్తుందో ఆ రోజే అనుకోండి. బొమ్మల పశువుల పాక కట్టడం తర్వాత. చోటు దొరకని గర్భిణి కథ చెప్పుకునేవాళ్లం, మన ఊరి గర్భిణికి చోటు చూడకపోతే ఎలా?

మూడోది బాప్తిస్మమిచ్చే యోహాను కథ. జెకర్యా కొడుకే. పెద్దయ్యాక జనం ఆయన దగ్గరకొచ్చి, మేమేం చెయ్యాలి అని అడిగారు. ఇంకా గట్టిగా పాడండి అనలేదాయన. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వమన్నాడు. పన్ను వసూలు చేసేవాళ్లకు, మీకు నిర్ణయించినదానికన్నా ఎక్కువ వసూలు చెయ్యొద్దన్నాడు. సైనికులకు, ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దన్నాడు. తమ్ముళ్లూ, చందా పుస్తకం పట్టుకున్న ప్రతివాడూ ఈ మాట ఒకసారి చదువుకోవాలి. నేను ఆ రోజు కేకు కొయ్యకముందే చదువుకుని ఉండాల్సింది.

పండగ వద్దా మరి? నేనలా అనడం లేదు. పండగ కావాలి, అప్పు వద్దు. దీనికి మన అమ్మల దగ్గరే దారి ఉంది. మా అమ్మ పొద్దున, సాయంత్రం ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి పట్టుకెళ్లేది. మనలాగే కొండ ప్రజలైన మిజోరం ఆడవాళ్లు వందేళ్లకు పైగా ఈ పిడికెడు బియ్యంతోనే తమ సంఘాలను నిలబెట్టుకుంటూ వస్తున్నారు. నేను బియ్యం కొలిచే మనిషిని కాబట్టి లెక్క వేశాను. పిడికెడంటే యాభై గ్రాములనుకోండి. రోజుకి రెండు పూటలు, నాలుగు వారాలు, మొత్తం 56 పిడికిళ్లు. గడపకు రెండు కేజీల ఎనిమిది వందల గ్రాములు. నలభై గడపల ఊరికి 112 కేజీలు. ఊరంతా ఒక పంక్తిలో కూర్చుని తినగా, ఒంటరి ముసలివాళ్లకు ఇంకా మిగులుతుంది. పప్పు ఊళ్లో ఉంది, కూరలు పెరట్లో ఉన్నాయి. ఏ తండ్రీ షావుకారు గుమ్మం తొక్కక్కర్లేదు. ఇంట్లో అంత బియ్యం లేనివాళ్లు చిటికెడు వేసినా కుండలో ఎవరి చిటికెడో ఎవరికీ తెలియదు. గడపకు వెయ్యి అన్న చందాలో లేని మర్యాద అది.

ఇంకొక్క మాట, భాష గురించి. మన సవర తెలుగు కుటుంబపు భాష కాదు, ముండా కుటుంబపు భాష. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి మన భాష నేర్చుకుని, 1931లో దాని మీద ఒక పెద్ద పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఒడిశా వైపు మంగేయి గొమాంగో గారు 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. బయటివాళ్లు నేర్చుకోదగ్గ భాష అనుకున్నారు, మనవాళ్లు లిపి కట్టదగ్గ భాష అనుకున్నారు. మనం మాత్రం క్యారల్స్‌లో ఫోన్లో దొరికిన పాట పెట్టేసి పెదాలు కదుపుతున్నాం. మా అమ్మ తెలుగులో పాట పాడేది, కానీ బిడ్డకు జ్వరమొస్తే ప్రార్థన మాత్రం సవరలో చేసేది. ప్రాణం మీదకొచ్చినప్పుడు నోటికొచ్చే భాషే ప్రార్థనకు అసలు భాష. ఈ నాలుగు వారాల్లో ప్రతి ఊళ్లో యువత ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని, సవరలో ఉన్న పాత ఆరాధన పాట ఒక్కటి ఫోన్లో రికార్డు చెయ్యండి, నేర్చుకోండి. చర్చికి వెళ్లని కుర్రాళ్లు కొత్తల పండగ పాట ఒకటి అలాగే నేర్చుకోండి. వచ్చే ఏడాది ఈ సభలో రెండూ వినాలని నా కోరిక.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. తర్వాతి జూన్‌లో తిరిగొచ్చింది. నల్లబడింది, చేతులు కాయలు కాశాయి. మళ్లీ తొమ్మిదిలోనే కూర్చోబెట్టాల్సి వచ్చింది. వచ్చిన రోజు నన్ను అడిగిన మొదటి మాట, "మేడం, నా పెట్టె ఉందా?" అని. ఉందన్నాను. మెడలో తాడుకి కట్టుకున్న తాళంచెవి బయటికి తీసింది. బట్టీలో ఉన్నన్నాళ్లూ అది పోగొట్టుకోలేదు. పెట్టె తెరిస్తే పుస్తకాల మీద ఆ ఒకే రంగు బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఒంటికి పెట్టుకుని చూసుకుంది. పొట్టయిపోయాయి. చెల్లికిస్తానంది.

నిరీక్షణ అనే మాటకు అర్థం నేను అప్పటిదాకా పుస్తకాల్లో చదివాను. ఆ రోజు ఆ తాడుకి కట్టిన తాళంచెవిలో చూశాను. ఆ పిల్ల పెట్టెను నేను కనిపెట్టుకుని ఉన్నాను, నిజమే. ఆ పిల్లను కనిపెట్టుకుని ఉండాల్సింది డిసెంబరులో. అప్పుడు నేను కేకు కోస్తున్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాబోయే నాలుగు ఆదివారాలు మీ చేతుల్లో ఉన్నాయి. ఒక్కొక్క దీపమే వెలిగించండి. మొదటిది వెలిగించేటప్పుడు మీ ఊళ్లో ఏ ఇల్లు చీకట్లో ఉందో చూసి వెలిగించండి. పండగ ఎక్కడికీ పోదు, దాని రోజున అదే వస్తుంది. అది వచ్చేసరికి మన ఊళ్లో ఏ తలుపుకీ తాడు కట్టి ఉండకూడదు.

జై ఆదివాసీ.